జామా, జంపా? ఒక థౌనా, మూడు థౌలా? సీటింగ్ డెప్త్, నెక్ టెన్షన్ ఎంచుకోవడం ఎలా

600 గజాల లైన్ మీద పడుకుని ఉన్నాను. రౌండ్ ఛాంబర్‌లో పెట్టి, బోల్ట్ మూసి, గాలి జెండా కాస్త కుదురుకునేదాకా ఆగాను. అంతలో సీజ్ ఫైర్ అని కేక వినబడింది. టార్గెట్ల దగ్గర ఏదో ఫ్రేమ్ ఒరిగిందట. నియమం ప్రకారం బోల్ట్ తెరిచి రౌండ్ బయటికి లాగాను. చేతికి ఇత్తడి కేస్ ఒక్కటే వచ్చింది. బుల్లెట్ రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలి గీతలు) మొదట్లో పట్టేసుకుని అక్కడే ఉండిపోయింది. తెరుచుకున్న నెక్‌లోంచి, అంటే కేస్ మెడలోంచి, మందు జారి యాక్షన్ నిండా, ట్రిగర్ సందుల్లోకి కూడా, జీలకర్ర గింజల్లా పడింది. ఆ రోజు నా మ్యాచ్ అక్కడితో సరి.

బుల్లెట్‌ని 10 థౌ జామ్‌లో, అంటే రైఫ్లింగ్‌లోకి 10 థౌ దిగేలా కూర్చోబెట్టాను (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు; రైఫ్లింగ్‌ని తాకకుండా ఖాళీ ఉంచితే అది జంప్). నెక్ టెన్షన్, అంటే నెక్ బుల్లెట్‌ని బిగించే పట్టు, ఒక్క థౌ. వంద గజాల్లో అంత చిన్న గ్రూప్ (టార్గెట్ మీద రంధ్రాల గుంపు) నాకు వేరే ఏ లోడూ ఇవ్వలేదు, అందుకే దాన్నే ఎంచుకున్నాను. గ్రూప్ సైజు ఒక్కటే చూసి ఎంచుకోవడమే నేను చేసిన పొరపాటు. బుల్లెట్‌ని కేస్‌లో ఎంత లోతుగా కూర్చోబెట్టామన్న సీటింగ్ డెప్త్, నెక్ టెన్షన్, ఈ రెండు కొలతలూ ఒకదాన్నొకటి పట్టి ఉంటాయి. రెండూ కలిసి మీరు ఆడే ఆటకి సరిపోవాలి.

అమెరికాలో సొంతంగా లోడ్ చేసుకుంటూ, కేస్, ప్రైమర్, పౌడర్ బరువు దాకా కుదిరి, ఈ రెండు కొలతల దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముందు చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకానికి లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, చేసి అమ్మాలంటే కావాలి. హెచ్-1బీ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం తుపాకీనే కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ వీసా అడ్డంకి లేదు, కానీ రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి. ఇక ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్స్ తప్పనిసరి. ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళు చదివి ఇంట్లో చేసి చూసే పని కాదు.

ఇక్కడ పౌడర్ బరువులేవీ చెప్పను. అవి పౌడర్ కంపెనీ, బుల్లెట్ కంపెనీ మాన్యువల్‌లోంచే తీసుకోవాలి, కింది బరువు నుంచే మొదలుపెట్టాలి. 6.5 క్రీడ్‌మూర్ అనే తూటాకి సామీ (అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) గరిష్ఠ ప్రెషర్ 62,000 పీఎస్ఐ. మీ మొహానికి జానెడు దూరంలో పుట్టే ప్రెషర్ అది.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఒక థౌ సుమారు 0.025 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం దాదాపు మూడు థౌలు ఉంటుంది. ఇకముందు లెక్కలన్నీ థౌలలోనే.

మొదట చూడాల్సింది, మీ రైఫిల్‌కి రౌండ్ ఎలా అందుతుందన్నది. చేత్తో ఒక్కొక్కటి పెడతారా, మ్యాగజైన్ నుంచి బోల్ట్ తోస్తుందా, సెమీ ఆటోమేటిక్ బోల్ట్ విసిరికొడుతుందా? సగం జవాబు దీంట్లోనే తేలిపోతుంది. చేత్తో పెట్టే రౌండ్ ఎంత పొడుగున్నా, ఎంత సున్నితంగా ఉన్నా నడుస్తుంది. మ్యాగజైన్‌కి పొడుగు హద్దు ఉంది. 6.5 క్రీడ్‌మూర్‌కి సామీ గరిష్ఠ పొడుగు 2.825 అంగుళాలు, ఏఆర్-15 మ్యాగజైన్‌లో .223కి 2.260. మీ మ్యాగజైన్ ఇంకాస్త పొడుగు పట్టొచ్చు, అది కొలుచుకుని తెలుసుకోండి.

రెండోది బుల్లెట్ ముక్కు ఆకారం. టాంజెంట్ ఓజైవ్ (ఓజైవ్ అంటే ముక్కు వంపు) ఉన్న బుల్లెట్‌లో వంపు ఒంట్లోకి నున్నగా కలిసిపోతుంది. సియెర్రా 168 గ్రెయిన్ మ్యాచ్‌కింగ్ అలాంటిది. ఇది కాస్త వంకరగా వెళ్ళినా రైఫ్లింగ్‌లో తనంతట తాను మధ్యకి సర్దుకుంటుంది. వీఎల్‌డీ (వెరీ లో డ్రాగ్) రకం సీకెంట్ ఓజైవ్‌లో వంపు ఒంటిని ఒక కోణంలో కలుస్తుంది, అక్కడ చిన్న అంచు ఉంటుంది. గాలిని బాగా కోస్తుంది కానీ సీటింగ్ డెప్త్ విషయంలో పేచీ పెడుతుంది. హైబ్రిడ్ బుల్లెట్‌లో రైఫ్లింగ్‌ని తాకే చోట టాంజెంట్, ముందుకు పోయాక సీకెంట్. బెర్గర్ హైబ్రిడ్‌లు ఇలా చేసినవే.

మూడోది, లోడ్‌కి మీరు ఎంత సేవ చేయగలరన్నది. పేల్చేకొద్దీ త్రోట్ (ఛాంబర్ దాటాక రైఫ్లింగ్ మొదలయ్యే చోటు) కాలి అరుగుతుంది, లాండ్స్ (రైఫ్లింగ్‌లోని ఎత్తు గట్లు) ముందుకు జరుగుతాయి. నా 6.5లో 800 రౌండ్లకి దాదాపు 25 థౌ జరిగాయి. లాండ్స్‌ని అంటిపెట్టుకునే లోడ్ అయితే వాటి వెనకే మీరూ పరుగెత్తాలి. నెలకోసారి కొలిచే ఓపిక, సమయం ఉన్నాయా?

నాలుగోది, లోడ్ చేసిన ఎన్నాళ్ళకి పేలుస్తారు? శుక్రవారం లోడ్ చేసి శనివారం పేల్చేవాళ్ళకీ, చలికాలంలో 600 రౌండ్లు చేసి సీజన్ అంతా వాడేవాళ్ళకీ నెక్ టెన్షన్ లెక్క ఒకటి కాదు.

కొలత సరిగ్గా లేకపోతే పోలికే లేదు

రౌండ్ మొత్తం పొడుగుని బుల్లెట్ కొస దగ్గర కొలిస్తే మోసపోతారు. ఒకే డబ్బాలోని హాలో పాయింట్ బుల్లెట్ల కొసలే ఒకదానికొకటి పది థౌలు తేడా రావడం మామూలే. కొలవాల్సింది కేస్ అడుగు నుంచి ఓజైవ్ దాకా. క్యాలిపర్‌కి తగిలించే కంపారేటర్ ఇన్సర్ట్‌తో కొలుస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏ డై (కేస్‌ని కొలతకి నొక్కే అచ్చు) కొనాలని అడుగుతారు, నేను ముందు కంపారేటర్ కొనమంటాను.

లాండ్స్ ఎక్కడున్నాయో కనుక్కోవడానికి ఓఏఎల్ గేజ్ అనే పనిముట్టు ఉంది. మరలున్న కేస్‌లో బుల్లెట్ పెట్టి, రాడ్‌తో తాకేదాకా తోయడం. తేలికే, కానీ తోసే చేతిని బట్టి రెండు మూడు థౌలు మారుతుంది. నాకు నమ్మకం కుదిరింది బోల్ట్ పద్ధతి మీద. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (కేస్‌ని బయటికి తోసే ముక్క) తీసేయండి. మీ ఛాంబర్‌లో పేల్చి సైజ్ చేసిన కేస్ ఒక్కదాన్నీ పెట్టి మూస్తే హ్యాండిల్ తన బరువుకే కిందికి జారాలి. ఇప్పుడు ప్రైమర్, పౌడర్ లేకుండా అదే కేస్‌లో బుల్లెట్‌ని కావాలనే పొడుగ్గా కూర్చోబెట్టి పెట్టండి. హ్యాండిల్ మధ్యలో ఆగుతుంది, ఎత్తేటప్పుడు టిక్కుమని చిన్న తాకిడి తెలుస్తుంది. రెండేసి థౌలు లోపలికి నొక్కుతూ మళ్ళీ మళ్ళీ చూడండి. ఒక చోట ఆ టిక్కు పోతుంది, హ్యాండిల్ మళ్ళీ దానంతట అదే జారుతుంది. అదే మీ లాండ్స్ గుర్తు. తేదీ, రౌండ్ల సంఖ్య, ఏ బుల్లెట్ లాటో పక్కనే రాసుకోండి. కంపారేటర్ మారినా, లాట్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది. స్నేహితుడి రైఫిల్ సంఖ్య మీకు అస్సలు పనికిరాదు.

సీటింగ్ డెప్త్: మూడు దారులు

| దారి | ఎంత | ఏం ఇస్తుంది | ఏం తీసుకుంటుంది |
|---|---|---|---|
| జామ్ | లాండ్స్‌లోకి 5 నుంచి 15 థౌ | బుల్లెట్ మొదటి నుంచే మధ్యలో, ప్రతిసారీ ఒకే తీరు | ప్రెషర్ పెరుగుదల, బుల్లెట్ ఇరుక్కునే ప్రమాదం, తరచూ కొలవడం |
| దగ్గరి జంప్ | వెనక్కి 10 నుంచి 25 థౌ | ఎక్కువ బుల్లెట్లకి మంచి ఆరంభం | సీకెంట్ బుల్లెట్‌తో ఇరుకు కిటికీ (బాగా పనిచేసే కొలతల పరిధి), త్రోట్ అరిగితే చెదురుతుంది |
| దూరపు జంప్ | వెనక్కి 40 నుంచి 120 థౌ | మ్యాగజైన్‌లో పడుతుంది, సీజన్ అంతా నిలబడొచ్చు | సరైన చోటు వెతకడానికి ఎక్కువ రౌండ్లు |

జామ్ బెంచ్‌రెస్ట్ వాళ్ళ, అంటే బల్ల మీద రైఫిల్ ఆనించి అతి చిన్న గ్రూప్ కోసం పోటీపడేవాళ్ళ దారి. 6 పీపీసీ తూటా వాడేవాళ్ళలో చాలామంది బుల్లెట్‌ని లాండ్స్‌కి తాకించే లోడ్ చేస్తారు. రైఫిల్ బరువైన రెస్ట్ మీద ఉంటుంది, రౌండ్ చేత్తో పెడతారు, రేంజ్ దగ్గరే ప్రెస్ పెట్టుకుని లోడ్ చేసుకుంటారు. లాండ్స్ రెండు థౌలు జరిగినా ఆ పూటే సర్దేస్తారు. ఆ పరిస్థితులన్నీ ఉన్నచోట జామ్ నిజంగా గొప్పది. అవి లేకుండా జామ్ ఒక్కటీ తెచ్చుకుంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఒక హెచ్చరిక. జంప్‌లో కుదిరిన పౌడర్ బరువుని అలాగే ఉంచి జామ్‌కి మారకండి. కదలడానికి ఖాళీ లేని బుల్లెట్ వెనక ప్రెషర్ త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. బరువు తగ్గించి మళ్ళీ కింది నుంచి ఎక్కాలి. బోల్ట్ ఎత్తడానికి బిగుతుగా అనిపించినా, కేస్ అడుగున ఎజెక్టర్ గుర్తు మెరిసినా అక్కడే ఆపాలి.

దగ్గరి జంప్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. హైబ్రిడ్, టాంజెంట్ బుల్లెట్లకి 15 థౌ వెనక మొదలుపెడితే చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది.

దూరపు జంప్ గురించి పాత తరం షూటర్లు పెదవి విరిచేవారు. బుల్లెట్ ఎంత దూరం ఎగిరితే అంత వంకరపోతుందని వాళ్ళ వాదన. బుల్లెట్ల తయారీదార్లే ఆ మాట ఇప్పుడు అనడం లేదు. పేచీకోరు వీఎల్‌డీకి బెర్గర్ వాళ్ళు చెప్పే పరీక్షే చూడండి. లాండ్స్‌లోకి 10 థౌ, తర్వాత వెనక్కి 40, 80, 120 థౌ. నాలుగు చోట్లా ఆరేసి రౌండ్లు. వీఎల్‌డీ లాండ్స్‌ని తాకితేనే గురి కుదురుతుందని నమ్మి వదిలేసినవాళ్ళలో చాలామంది, 80 దగ్గరో 120 దగ్గరో మంచి చోటు ఉండొచ్చని చూడనేలేదు. దూరపు జంప్‌కి నేను మొగ్గడానికి ఇంకో కారణం, జంప్ ఎక్కువైనచోట కిటికీ తరచూ వెడల్పుగా దొరుకుతుంది. పది థౌలు అటూ ఇటూ అయినా గ్రూప్ పట్టించుకోదు.

లోపలికి కూర్చోబెట్టేకొద్దీ రెండు వ్యతిరేక పనులు జరుగుతాయి. బుల్లెట్ రైఫ్లింగ్‌ని అందుకునేలోపు కాస్త పరుగు దొరుకుతుంది కాబట్టి ప్రెషర్ తగ్గుతుంది. కేస్‌లో పౌడర్‌కి చోటు తగ్గుతుంది కాబట్టి ప్రెషర్ పెరుగుతుంది. జామ్ నుంచి వెనక్కి వచ్చే మొదటి అడుగుల్లో మొదటిదే గెలుస్తుంది, బాగా లోపలికి వెళ్ళాక రెండోది. అందుకే డెప్త్ పరీక్షని గరిష్ఠ లోడ్ మీద చేయకూడదు.

కిటికీ ఎక్కడుందో చూడండి

నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. పౌడర్ మధ్యస్థంగా, ప్రెషర్ గుర్తులేవీ లేని బరువు దగ్గర ఆపుతాను. ముందు 30 థౌల పెద్ద అడుగులు. బాగున్న ప్రాంతం దొరికాక అందులో పదేసి థౌల అడుగులు, ఒక్కో చోటా ఐదేసి రౌండ్ల గ్రూపులు రెండు. మూడు రౌండ్ల గ్రూప్ నమ్మి ఇల్లు కట్టకూడదు. ఒకే లోడ్ పొద్దున మూడు రౌండ్లలో అర అంగుళం చూపించి, సాయంత్రం అంగుళం చూపించగలదు. రెండూ నిజమే, మూడు రౌండ్లకి అంతే చెప్పే శక్తి ఉంది.

పరీక్ష కాగితం మీద అన్నిటికంటే చిన్న గ్రూప్ వైపు కన్ను పోతుంది. దాని పక్కవాళ్ళని చూడండి. ఉదాహరణకి 20 దగ్గర 0.3 అంగుళాలు, 30 దగ్గర 0.9 వచ్చాయనుకోండి. 50, 60, 70 మూడింట్లోనూ 0.45 వచ్చిందనుకోండి. నేను రెండోదే తీసుకుంటాను. ఇంకో మెట్టు ముందుకి ఆలోచిస్తే, 60 దగ్గర కాదు, 50 దగ్గర లోడ్ చేస్తాను. లాండ్స్ అరిగి ముందుకి జరిగేకొద్దీ జంప్ తనంతట తానే 50 నుంచి 60కి, 70కి పెరుగుతుంది. కొలత మార్చకుండానే వందల రౌండ్లు ఆ కిటికీలోనే ఉంటాను.

నెక్ టెన్షన్: సంఖ్య కంటే సమానత్వం

మా ఊళ్ళో నాన్న గొడ్డలికి కామ బిగించడం చిన్నప్పుడు చూసేవాణ్ణి. రంధ్రం కంటే కామ కాస్త లావుగా చెక్కేవారు. మరీ లావైతే కొట్టి ఎక్కించేటప్పుడు కొస చిట్లుతుంది, పట్టు ఏమీ పెరగదు. సన్నమైతే ఊగుతుంది. ఎండిన కర్రా పచ్చి కర్రా ఒకే లావుంటే ఒకేలా పట్టవని కూడా ఆయనకి తెలుసు. నెక్ టెన్షన్ అంతా ఇదే.

మనం ఒక థౌ, రెండు థౌలు అంటున్నది అసలు టెన్షన్ కాదు, సైజుల తేడా. లోడ్ చేసిన రౌండ్ నెక్ బయటి కొలతలోంచి, బుల్లెట్ పెట్టకముందు సైజ్ చేసిన నెక్ బయటి కొలత తీసేస్తే వచ్చేది. బుల్లెట్‌ని నిజంగా పట్టుకునే బలం ఆ తేడాతో పాటు ఇత్తడి ఎంత గట్టిగా ఉంది, నెక్ లోపల ఎంత గరుకుగా ఉంది, బుల్లెట్ ఎంత పొడుగు నెక్‌లో ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. అందుకే సీటింగ్ డెప్త్ మారిస్తే నెక్ పట్టు కూడా ఎంతో కొంత మారుతుంది, అందుకే డెప్త్ ముందు తేల్చుకోవాలి. ఇద్దరు షూటర్లు ఇద్దరూ రెండు థౌలే అంటారు, ఇద్దరి బుల్లెట్ల మీదా పట్టు వేరు.

| తేడా | ఎవరికి | జాగ్రత్త |
|---|---|---|
| 1 థౌ | చేత్తో ఒక్కొక్కటి పెట్టే బెంచ్‌రెస్ట్, ఎఫ్-క్లాస్ (పడుకుని పేల్చే దూరపు గురి పోటీ) | రౌండ్‌ని గుద్దినా, జామ్ నుంచి లాగినా బుల్లెట్ కదులుతుంది |
| 2 థౌ | మ్యాగజైన్ ఉన్న బోల్ట్ రైఫిల్, పీఆర్ఎస్ (ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ పోటీలు), వేట | రికాయిల్ (వెనక్కి తన్నుడు) ఎక్కువున్న కాలిబర్‌లో పరీక్షించి చూడాలి |
| 3 థౌ, కాస్త పైన | ఏఆర్-15 లాంటి సెమీ ఆటో, బరువైన రికాయిల్ | నెక్ గీతలు, వంకర, జాకెట్ గీసుకోవడం |

నాలుగు, ఐదు థౌలు పెడితే ఇంకా గట్టిగా పడుతుందనుకుంటారు. పట్టదు. మూడు దాటాక ఇత్తడి సాగే హద్దు అయిపోతుంది. బుల్లెట్టే ఎక్స్‌పాండర్‌లా నెక్‌ని సాగదీసుకుంటూ దిగుతుంది. మిగిలేది బుల్లెట్ మీద గీతలు, వంకర నెక్.

సమానత్వం ఎందుకంటే, నెక్ బుల్లెట్‌ని వదిలే తీరు రౌండ్ రౌండ్‌కి మారితే మందు కాలడం మొదలయ్యే తీరు మారుతుంది, వేగం మారుతుంది. 6.5లో 140 గ్రెయిన్ బుల్లెట్ సెకనుకి 2,700 అడుగుల వేగంతో వెళ్తుంటే, 10 అడుగుల వేగం తేడా వెయ్యి గజాల దగ్గర సుమారు రెండున్నర, మూడు అంగుళాల నిలువు తేడా అవుతుంది. అక్కడ ఎఫ్-క్లాస్ టార్గెట్ నడిమి వలయమైన ఎక్స్-రింగ్ వెడల్పే 5 అంగుళాలు. అలాగని వేగం చెదిరితే వెంటనే నెక్‌ని అనుమానించకండి. పౌడర్ తూకం, ప్రైమర్ ముందు చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఏ పనిముట్టుతో?

మామూలు ఫుల్ లెంగ్త్ డై నెక్‌ని అవసరానికి మించి నొక్కి, పైకి లాగేటప్పుడు ఎక్స్‌పాండర్ బాల్‌తో లోపలి నుంచి సాగదీస్తుంది. చవక, తొందర పని. లోపల జారుడు లేకపోతే ఆ బాల్ కీచుమంటూ నెక్‌ని పక్కకి లాక్కొస్తుంది. వేటకి ఇది చాలు. లోపల కాస్త డ్రై ల్యూబ్ రాస్తే సగం బాధ పోతుంది.

బుషింగ్ (మార్చుకోగల ఉంగరం) ఉన్న డైలో నెక్ ఎంత నొక్కాలో మీరే ఎంచుకుంటారు. నా 6.5లో లోడ్ చేసిన రౌండ్ నెక్ 293 థౌలు. రెండు థౌల తేడా కావాలంటే సైజ్ అయ్యాక 291 రావాలి. ఇత్తడి అర నుంచి ఒక థౌ దాకా వెనక్కి సాగుతుంది కాబట్టి 290 బుషింగ్ పెట్టాను. ఇత్తడి కంపెనీ మారితే గోడ మందం మారుతుంది, బుషింగ్ కూడా మారుతుంది. దీని లోపం ఒకటే. బయటి నుంచి నొక్కుతుంది కాబట్టి గోడ మందంలోని ఎగుడుదిగుళ్ళన్నీ లోపలికి, బుల్లెట్ తాకే వైపుకి వస్తాయి.

మాండ్రెల్ దీనికి విరుగుడు. బుషింగ్‌తో కాస్త ఎక్కువే నొక్కి, తర్వాత సరైన మందం ఉన్న ఉక్కు కడ్డీని నెక్‌లోకి తోస్తే ఎగుడుదిగుళ్ళు బయటికి పోతాయి, లోపల గుండ్రంగా మిగులుతుంది. 264 థౌల బుల్లెట్‌కి నేను 262.5 మాండ్రెల్ వాడతాను, నెక్ వెనక్కి సాగి 262 దగ్గర నిలుస్తుంది. మాండ్రెల్ అదనంగా ఒక మెట్టు పని. నెలకి 50 రౌండ్లు పేల్చేవాళ్ళకి అనవసరం. పోటీకి వెళ్ళేవాళ్ళకి డబ్బు ఖర్చుపెట్టగా నిజంగా తేడా కనిపించే రెండు మూడు చోట్లలో ఇదొకటని నా నమ్మకం. నెక్ టర్నింగ్, అంటే గోడని బయట చెక్కి సమం చేయడం, బిగుతు ఛాంబర్ ఉన్న బెంచ్‌రెస్ట్ వాళ్ళకి తప్పదు. మంచి ఇత్తడి కొని మాండ్రెల్ వాడే మిగతావాళ్ళు ఆ గంటలు రేంజ్ మీద గడపడం మేలు.

ఇత్తడి గట్టితనం సంగతి. పేలిన ప్రతిసారీ, సైజ్ చేసిన ప్రతిసారీ నెక్ గట్టిపడుతుంది. ఎనిమిదిసార్లు పేల్చిన కేస్, కొత్త కేస్ ఒకే బుషింగ్‌లోంచి వచ్చినా వేరే కొలతకి సాగుతాయి. ఎనీలింగ్ (వేడిచేసి ఇత్తడిని మళ్ళీ మెత్తబరచడం) చేస్తే ప్రతిసారీ చేయండి, లేకపోతే మానేయండి. అప్పుడప్పుడు చేస్తే సమానత్వానికి అదే శత్రువు. వేడి నెక్, భుజం దగ్గరే ఆగాలి. కేస్ తల భాగం మెత్తబడితే అంత ప్రెషర్‌ని ఆపలేక పగులుతుంది, ఆ పగులు మీ కళ్ళ ముందే.

లోపలి గరుకుతనం చాలామంది పట్టించుకోరు. స్టీల్ పిన్నులతో నీళ్ళలో దొర్లించి కేసుల్ని బంగారంలా మెరిపించిన మొదటిసారి నాకు చాలా సంతోషమేసింది. సీటింగ్ మొదలుపెట్టాక ప్రెస్ పిడి ఒక రౌండ్‌కి వెన్నలా దిగింది, తర్వాతి రౌండ్‌కి మధ్యలో పట్టి కిర్రుమని కదిలింది. నెక్ లోపలుండే పల్చటి మసి పొర కడుక్కుపోయింది. ఆ మసి ఒక సహజమైన నూనెలాంటిది. ఇప్పుడు పొట్టులాంటి పొడి మీడియాతోనే తుడుస్తాను, నెక్ లోపల నైలాన్ బ్రష్ ఒకసారి తిప్పి మసిని అలాగే ఉంచుతాను. కడగక తప్పకపోతే గ్రాఫైట్ పొడిలో ముంచండి. నెలల తరబడి దాచే రౌండ్లకి ఇది ఇంకా ముఖ్యం. పొడి నెక్‌లో బుల్లెట్ ఇత్తడికి అంటుకుపోతుంది, ఆరు నెలలకి రెండు థౌల నెక్ ఎంత పట్టు పడుతుందో చెప్పలేం. కొందరు పదేసి థౌలు పొడుగ్గా కూర్చోబెట్టి దాచి, మ్యాచ్ ముందు రోజు చివరి పది నొక్కుతారు. ఆ నొక్కుడుతో అంటు విడిపోతుంది.

మీరు ఎవరైతే, ఏది

వేటకి వెళ్ళేవాళ్ళు జామ్ మాటే ఎత్తకండి. చెట్టు మీద కూర్చుని చీకటి పడ్డాక అన్‌లోడ్ చేసేటప్పుడు బుల్లెట్ బ్యారెల్‌లో ఉండిపోతే మర్నాడు ఉదయం వేట ఉండదు. మ్యాగజైన్‌లో సులువుగా పట్టే పొడుగు, రెండు నుంచి మూడు థౌలు, మామూలు డై.

పీఆర్ఎస్ లాంటి పోటీల్లో రౌండ్లు మ్యాగజైన్‌లోంచి వేగంగా వెళ్తాయి, దుమ్ములో పడతాయి, ఎండలో కాలుతాయి. దూరపు జంప్, హైబ్రిడ్ రకం బుల్లెట్, రెండు థౌలు, మాండ్రెల్. నేను ఇప్పుడు ఉన్నది ఇక్కడే. వంద గజాల గ్రూప్‌లో పాత జామ్ లోడ్‌కి పదో వంతు అంగుళం ఓడిపోయాను, మ్యాచ్‌ల్లో ఏమీ ఓడిపోలేదు.

ఎఫ్-క్లాస్‌లో చేత్తో పెడతారు కాబట్టి పొడుగు హద్దు లేదు. అందులోని ఎఫ్-టీఆర్ విభాగంలో .223, .308 మాత్రమే అనుమతి, పొడవాటి బరువైన బుల్లెట్లు వాడతారు. ఒక థౌ, రెండు థౌలు రెండూ పరీక్షించదగ్గవే. డెప్త్ తేలాక, నెక్ ఒక్కటే మార్చి, వంద గజాల గ్రూప్ కాకుండా 600 గజాల నిలువు చెదురు చూసి తేల్చుకోండి. జామ్ వైపు వెళ్ళినా, పేల్చని రౌండ్ లాగాల్సి వస్తే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. గొట్టం పైకెత్తి మెల్లగా బోల్ట్ లాగితే మందు కేస్‌లో ఉండే అవకాశం ఎక్కువ. బ్యాగులో క్లీనింగ్ రాడ్ తప్పనిసరి.

ఏఆర్-15 వాళ్ళకి ఎంపిక తక్కువ. 2.260 లోపల ఎక్కడ బాగుంటే అక్కడ, మూడు థౌలు. హైపవర్ పోటీల్లో 600 గజాలకి 80 గ్రెయిన్ బుల్లెట్‌ని పొడుగ్గా పెట్టి ఒక్కొక్కటే లోడ్ చేస్తారు. అది వేరే లోడ్, మ్యాగజైన్ రౌండ్లతో కలపకుండా వేరే డబ్బాలో ఉంచండి.

ఖాయం చేసే ముందు ఒక పరీక్ష

మ్యాగజైన్ ఉన్న బోల్ట్ రైఫిల్ వాడేవాళ్ళు ఎవరైనా సరే, నెక్ టెన్షన్ సరిపోతుందో లేదో ఊహించకండి. పది రౌండ్లు లోడ్ చేసి ఒకదాని కేస్ మీద మార్కర్‌తో గీత గీసి, ఓజైవ్ కొలత రాసుకోండి. దాన్ని మ్యాగజైన్ అడుగున పెట్టండి. పైన తొమ్మిదీ పేల్చండి. ప్రతి రికాయిల్‌కీ అడుగున ఉన్న రౌండ్ ముక్కు మ్యాగజైన్ ముందు గోడని గుద్దుకుంటుంది. తొమ్మిదోది అయ్యాక బోల్ట్ తెరిచి, మ్యాగజైన్ ఊడదీసి, గీతున్న రౌండ్‌ని చేత్తో తీసి మళ్ళీ కొలవండి. ఒక థౌకి మించి కదిలిందంటే ఆ నెక్ చాలదు. లోపలికి జరిగిందంటే ఇంకా చెడ్డది. కేస్‌లో చోటు తగ్గి ప్రెషర్ పెరుగుతుంది, ఆ రౌండ్‌ని పేల్చకుండా బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయండి. నా ఒక థౌ నెక్‌తో గీత రౌండ్ నాలుగు థౌలు లోపలికి జరిగింది. రెండు థౌలు, మాండ్రెల్‌తో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ క్యాలిపర్ ముందు చూపిన అంకెనే చూపించింది.